చెమట ఆగట్లేదా? డియోడరెంట్ డబ్బా వెనక్కి తిప్పి చూడండి

మే నెలలో విజయవాడ సిటీ బస్సెక్కి, పైనున్న కడ్డీ పట్టుకోవడానికి చెయ్యెత్తాలంటే మొహమాటపడేవాళ్ల కోసం ఇది.

సమస్య: వాసన లేదు, చంక మాత్రం తడిసిపోతోంది.
కారణం: మీరు కొన్నది ఉత్త డియోడరెంట్. అది వాసన సంగతి చూస్తుందే గానీ చెమట జోలికి పోదు. చెమటను తగ్గించేది అల్యూమినియం లవణం. అది చెమటలో కరిగి, చెమట బయటికొచ్చే నాళం మూతి దగ్గర జెల్‌లా మారి కొన్నాళ్లపాటు బిరడాలా కూర్చుంటుంది.
పరిష్కారం: పదార్థాల జాబితాలో అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లాంటి పేరు కనబడాలి. ముందువైపు '48 గంటలు' అని ఎంత పెద్దక్షరాలతో ఉన్నా పట్టించుకోకండి. పటిక కూడా అల్యూమినియం లవణమే, కానీ అది వాసనకు పనికొచ్చినంతగా చెమటకు పనికిరాదు.

సమస్య: అల్యూమినియం ఉంది, అయినా ఫలితం లేదు.
కారణం: అసలు కిటుకంతా ఇక్కడే. లవణం ఎంత ఉందన్నదే కాదు, దాన్ని దేంట్లో కలిపారన్నదీ ముఖ్యమే. స్టిక్‌లో సాధారణంగా నీళ్లుండవు. మైనం, సిలికాన్‌ల మధ్య లవణం పొడిగా ఉంటుంది. మైనం, నూనె మరీ ఎక్కువైతే ఆ పొడి చుట్టూ పొర కట్టి చెమటను తగలనివ్వవు, కరగనిదే అది పనిచేయదు. రోల్-ఆన్‌లో చాలావరకు లవణం ముందే నీళ్లలో కరిగి ఉంటుంది. అయితే ఆరకముందే చొక్కా తొడిగితే సగం మందు గుడ్డకే పోతుంది. స్ప్రేలో పొడి అడుగున పేరుకుంటుంది, ఊపకుండా కొడితే వచ్చేది గాలీ సెంటే.
పరిష్కారం: రాత్రి పడుకునే ముందు, పొడి చర్మం మీద రాయండి. అప్పుడు చెమట తక్కువ కాబట్టి మందు కొట్టుకుపోదు. వారం రోజులు చూడండి. అలాగని పూర్తిగా ఆరిపోతుందని ఆశ పెట్టుకోవద్దు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొలమానంలో వాడినవాళ్లలో కనీసం సగం మందికి చెమట 20 శాతం తగ్గితే చాలు, పాసైనట్టే.

సమస్య: మంట, దురద.
కారణం: బలమైన రకాల్లో అల్యూమినియం క్లోరైడ్ ఉంటుంది. తడి తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. స్నానం చేసి సరిగ్గా తుడుచుకోకుండానో, షేవింగ్ చేసిన వెంటనేనో రాస్తే చురుక్కుమంటుంది.
పరిష్కారం: బాగా ఆరాక రాయండి, షేవింగ్ చేసిన రోజు మానేయండి. అయినా తగ్గకపోతే క్లోరోహైడ్రేట్ రకానికి మారండి, అది కాస్త సౌమ్యం.

సమస్య: తెల్లచొక్కా చంకలో పసుపు మరక.
కారణం: లవణం, చెమట కలిసి చేసే పనే.
పరిష్కారం: రాసింది ఆరాకే చొక్కా వేసుకోండి, విప్పిన రోజే ఉతకండి. నావి రెండు చొక్కాలు ఈ బద్ధకంతోనే బండి తుడిచే గుడ్డలయ్యాయి.