పేదల కథలో మాయ – 4వ పాఠం: నుడికారాన్ని నిజం చేయడం

కిందటి పాఠంలో ఒక పని ఇచ్చాను: ఒక పేద ఇంటి ఉదయాన్ని జాలి మాట ఒక్కటి కూడా లేకుండా, కేవలం వస్తువులతో రాయమన్నాను. ఆ పుటను దగ్గర పెట్టుకోండి. ఈ పాఠంలో దాని మీదే పని చేస్తాం. అందులోకి జరగడానికి వీల్లేని సంగతి ఒకటి రావాలి, వచ్చినా ఆ ఇల్లు అబద్ధం కాకూడదు.

దీనికి నాకు తెలిసిన మంచి బడి 1951లో వచ్చిన ఇటలీ చిత్రం ‘మిరాకిల్ ఇన్ మిలాన్’. దర్శకుడు విట్టోరియో డి సికా. మూలం చెజారె జవాట్టీని 1943లో వెలువరించిన నవల. ఈ ఇద్దరే ఈ చిత్రానికి మూడేళ్ల ముందు ‘బైసికిల్ థీవ్స్’ తీశారు. సైకిలు పోతే కుటుంబం ఎలా కూలిపోతుందో ఒక్క మాయా లేకుండా చూపించిన మనుషులు, వెంటనే ఎగిరే చీపుళ్ల కథకు ఎందుకు దిగారు? అప్పట్లో చాలామంది ఈ ప్రశ్న వేశారు, కొందరు కోపంగానే వేశారు. మనం ‘ఎందుకు’ను విమర్శకులకు వదిలేసి ‘ఎలా’ చూద్దాం.

కథ మన ‘అనగనగా’ లాంటి మాటతోనే మొదలవుతుంది. లోలోట్టా అనే ముసలమ్మకు క్యాబేజీ మడిలో పసివాడు దొరుకుతాడు. పేరు తోతో. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగి నేలంతా పారతాయి. పిల్లవాడు తిట్లు పడతాయని చూస్తుంటే, ఆమె ఆ పాలధారను నదిగా చేసి, దాని చుట్టూ బొమ్మ ఇళ్లు పేర్చి ఆటలోకి దిగుతుంది. ఇందులో మాయ లేదు. పాలు నేలపాలైన మాట నిజం, వాటిని నదిగా చూడటమే కొత్త. కాసేపటికే ముసలమ్మ చనిపోతుంది. మిలాన్ మంచులో శవవాహనం వెనక ఒక్క కుర్రాడు నడుస్తుంటాడు. ఎవడో వచ్చి పక్కన ఏడుస్తూ నడుస్తాడు. తీరా చూస్తే వాడు పోలీసులకు దొరక్కుండా దుఃఖం నటిస్తున్న దొంగ. జానపద కథలా మొదలైనది రెండు నిమిషాల్లో వీధిలోకి వచ్చి పడింది. ఈ రెండు రుచులనూ మొదట్లోనే చూపించేశారు కాబట్టి, తర్వాత ఏది వచ్చినా మనకు మోసపోయినట్టు అనిపించదు.

ఇప్పుడు అసలు పాఠం. అనాథాశ్రమం నుంచి బయటికొచ్చిన తోతో ఊరి చివర ఖాళీ జాగాలో తలదాచుకునే నిరుపేదల్లో కలుస్తాడు. చలి కొరికేస్తున్న ఉదయం. మబ్బు చీలి నేల మీద ఒకచోట ఎండ పడుతుంది. చలికి వణుకుతున్న వాళ్లంతా పరుగున వెళ్లి ఆ ఎండలో ఒకరినొకరు ఆనుకుని నిలబడి చేతులు రుద్దుకుంటారు. ఎండ పక్కకు జరుగుతుంది. గుంపంతా ఆ వెంటే పరుగెడుతుంది. ఈ సన్నివేశాన్ని నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. నా దృష్టిలో తర్వాత వచ్చే పావురమూ దేవదూతలూ కూడా దీని ముందు చిన్నవే. ఎండ అలా పడటం జరగనిదేమీ కాదు, ఎండలోకి జరగడం మనందరం చేసేదే. దాన్ని నాలుగింతలు పెంచారు, అంతే. పెంచిన దిక్కు మాత్రం చూడండి. వాళ్లకు దుప్పటి లేదు కాబట్టి ఎండ ఆస్తి అయింది.

అక్కడే బెలూన్లు అమ్ముకునే ఒకాయన ఉంటాడు. తిండి లేక ఎంత తేలికైపోయాడంటే బెలూన్లు ఆయన్నే పైకి లేపేస్తుంటాయి. కాస్త రొట్టె పెడితే గానీ నేల మీద నిలవడు. మనం ‘ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాడు’ అంటాం కదా, ఆ మాటను అక్షరాలా తీసుకున్నారు. ఆ జాగా కోసం ఇద్దరు ధనవంతులు బేరమాడతారు. అంకెలు వేగం పెరిగి పెరిగి చివరికి ఇద్దరూ కుక్కల్లా మొరుగుతారు. ఇదీ నుడికారమే. ఉపమానంలోంచి ‘లా’ తీసేస్తే ఏమవుతుందో అదే తెర మీద జరిగింది.

మీరు నేర్చుకోవలసిన పనిముట్టు ఇదే. భాషలో ఇప్పటికే ఉన్న అతిశయోక్తిని వెతికి పట్టుకోండి, దాన్ని నిజంగా జరగనివ్వండి. చదివేవాడు ఆ మాటను చిన్నప్పటి నుంచి వింటున్నాడు కాబట్టి, వింత కొత్తగా ఉన్నా పరాయిగా ఉండదు.

నేను చేసిన ప్రయత్నం ఒకటి చెప్తాను. పింఛను కోసం ఒక పెద్దాయన కార్యాలయం చుట్టూ ‘కాళ్లరిగేలా’ తిరుగుతున్నాడు. నిజంగానే అరుగుతున్నాయి. తిరిగిన ప్రతిసారీ ఒక అంగుళం పొట్టి అవుతున్నాడు. మొదటి వారం పంచె నేల మీద ఈడ్చుకుంటుంది. మూడో నెలకు కిటికీ అందదు, కాగితాలు తల మీదుగా పైకి పెట్టాలి. లోపలి గుమాస్తాకు చెయ్యి మాత్రమే కనిపిస్తుంది, ‘రేపు రండి’ అంటాడు. మొదటి ముసాయిదాలో గుమాస్తా ఉలిక్కిపడినట్టు రాశాను. కథ అక్కడే చచ్చిపోయింది. ఆశ్చర్యం పాఠకుడిది, దాన్ని పాత్రకు ఇచ్చేస్తే పాఠకుడికి ఏమీ మిగలదు. ఇంకో తప్పు కూడా చేశాను: వింత మొదలయ్యాక మిగతా వివరాలను గాలికొదిలేశాను. కాళ్లు అరుగుతున్నప్పుడే జిరాక్సు కాపీలు ఎన్నో, ఆటోకు ఎంతయిందో ఖచ్చితంగా ఉండాలి.

సగం దాటాక సినిమాలో అసలు మాయ వస్తుంది. ఆ నేలలో చమురు పడుతుంది, యజమాని పోలీసులతో ఖాళీ చేయించడానికి వస్తాడు. చనిపోయిన లోలోట్టా ఆకాశం నుంచి దిగి, కోరినది ఇచ్చే పావురాన్ని తోతో చేతిలో పెడుతుంది. పోలీసు అధికారి ఆజ్ఞ ఇవ్వబోతే గొంతులోంచి ఒపేరా పాట వస్తుంది. ఇక పేటవాసులు కోరికలతో మీద పడతారు: బొచ్చు కోట్లు, టోపీలు, బీరువాలు, లక్షలు, పక్కవాడి కంటే ఒకటి ఎక్కువ. మాయ వాళ్లను మంచివాళ్లను చేయలేదు, లేమి ఎంత లోతుగా దిగిందో చూపించింది. ఒక నల్లజాతి యువకుడు, ఒక తెల్ల యువతి ఒకరికొకరు తగాలని విడివిడిగా రంగు మార్చమంటారు. ఇద్దరూ మారిపోయి మళ్లీ ఎదురెదురుగా నిలబడతారు. ఇలాంటివి ఉన్నా, ఈ భాగంలో కెమెరా గారడీలు ఎక్కువై ఎండ సన్నివేశంలోని బిగువు సడలిందని నాకనిపిస్తుంది.

ఒక ముచ్చట. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో ఈ చిత్రంతో పాటు మన ‘పాతాళ భైరవి’ కూడా ఉంది. కోరికలు తీర్చే శక్తి ఒక పేద కుర్రాడి చేతికి రావడం రెండింటిలోనూ ఉంది. తోట రాముడు ఉండేది రాజుల కాలంలో కాబట్టి ఎవరూ ‘ఎలా’ అని అడగరు. తోతో ఊళ్లో మాత్రం రైళ్లు నడుస్తాయి, పోలీసు బండ్లు తిరుగుతాయి. అందుకే జవాట్టీనికి అన్ని మెట్లు కట్టాల్సి వచ్చింది.

చివర్లో పేదలు మిలాన్ పెద్ద చర్చి ముందున్న కూడలిలో వీధులూడ్చేవాళ్ల చీపుళ్లు లాక్కుని ఎగిరిపోతారు, ‘శుభోదయం’ అంటే నిజంగా శుభోదయమే అయ్యే రాజ్యం వైపు. ఈ మాట ఎక్కడిది? ఆశ్రమం నుంచి వచ్చిన రోజు తోతో ఎదురుపడిన ప్రతివాడికీ శుభోదయం చెప్తాడు, ఒకాయన దానికే మండిపడతాడు. అంటే చీపురు ఎగరడానికి కావలసిన విత్తనం ఆ రోజే పడింది.

ఈ వారం పని: మీ పుటలోని లేమి ఏమిటో ఒక్క మాటలో రాయండి. దానికి తగిన నుడికారం ఒకటి ఎంచుకోండి: కడుపులో ఎలుకలు పరుగెత్తడం, చేతిలో చిల్లిగవ్వ లేకపోవడం, పూట గడవకపోవడం, ఏదైనా సరే. ‘పూట గడవదు’ తీసుకుంటే మధ్యాహ్నం పన్నెండు దగ్గర గడియారం ఆగిపోవచ్చు, ఆ ఇంట్లో మాత్రమే. రెండు పుటలు మించొద్దు. ఒక్క పాత్ర కూడా ఆశ్చర్యపోకూడదు. అయిదో పాఠంలో ఆ గడియారాన్ని మళ్లీ ఎవరు, ఎంత ఖర్చుతో నడిపిస్తారో చూద్దాం.