కింట్సుగి మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

పగిలిన కప్పును బంగారు గీతలతో అతికించే జపాన్ పద్ధతి కింట్సుగి. ఇంట్లో చాలామంది ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు), బంగారు రంగు మైకా (అభ్రకం) పొడితో కానిచ్చేస్తారు. ట్యూబు మూత తీసే ముందే ఇవి చూసుకోండి.

• జిగురు లేకుండా ముక్కలన్నీ ఒకసారి పేర్చి, టేపు మీద వరుస నంబర్లు రాసి అంటించండి. వరుస తప్పితే ఆఖరి ముక్క ససేమిరా దూరదు.

• అంచులు కోసేస్తాయి, జాగ్రత్త. అరగదీయాలంటే వాటర్ పేపర్ తడిపి వాడండి. పొడిగా రుద్దితే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు.

• కిటికీలు తెరవండి, నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. మైకా పొడి తీసేటప్పుడు మాస్కు పెట్టుకుని ఫ్యాన్ ఆపండి, లేదంటే బంగారమంతా గోడకే.

• అసిటోన్‌తో తుడిచేటప్పుడు దగ్గర్లో మంట ఉండకూడదు.

• 5 నిమిషాల్లోనే బిగుసుకునే ఎపాక్సీ అయితే ఒక్క అతుకుకు సరిపడా మాత్రమే కలపండి.

• అసలైన ఉరుషి లక్కతో, అంటే ఉరుషి చెట్టు పాలతో చేస్తారా? అందులోని ఉరుషియోల్ చర్మానికి తగిలితే దురద, బొబ్బలు వస్తాయి, అదీ ఒకట్రెండు రోజులు ఆగి. ఆ చెట్టు జీడిమామిడి కుటుంబానిదే కాబట్టి జీడి రసం పడనివాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పైగా ఇది ఎండలో ఆరదు. తేమ, వెచ్చదనం ఉంటేనే గట్టిపడుతుంది. వారాలు పడుతుంది, తొందరపడేవాళ్లకు కాదు.

• మామూలు ఎపాక్సీతో అతికించిన కప్పులో టీ తాగొద్దు. అలంకరణకే ఉంచండి. నిజమైన బంగారం పూస్తే మైక్రోవేవ్‌లో అసలే పెట్టకూడదు.