రేపు మీటింగ్ రూమ్‌లో వీడియో కాల్స్ నడిపే టచ్ ప్యానెల్ ముట్టుకునే ముందు

• మీకంటే ముందు రూమ్ వాడినవాళ్ల కాల్ ఇంకా నడుస్తోందేమో ప్యానెల్‌లో చూడండి. టీవీ ఆపేస్తే కాల్ ఆగదు, మైకు వింటూనే ఉంటుంది. జీతాల ముచ్చట్లు అవతలివాళ్ల చెవిన పడేది ఇలాగే.

• క్యాలెండర్ ఆహ్వానంలో రూమ్‌ను కూడా ఈరోజే చేర్చండి. లేకపోతే ప్యానెల్‌లో జాయిన్ బటన్ రాదు. అందరి ముందూ మీటింగ్ ఐడీ కొట్టుకుంటూ కూర్చోవాలి.

• ల్యాప్‌టాప్‌తోనూ చేరితే దాని మైకు ఒక్కటే కాదు, స్పీకరూ ఆపండి. లేకపోతే మాట రెండుసార్లు మోగుతుంది.

• ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ వైరు గుచ్చేముందు వాట్సాప్ మూసేయండి. కొన్ని రూముల్లో గుచ్చగానే మీ తెర అందరికీ కనిపిస్తుంది.

• ప్యానెల్ వైరు పీకి ఫోన్ చార్జింగ్ పెట్టొద్దు. చాలావాటికి కరెంటూ నెట్‌వర్కూ ఆ ఒక్క వైరులోనే.