ట్రెంచిలోకి దిగేముందు

మా బామ్మర్ది రొమ్ముదాకా మట్టిలో కూరుకుపోయిన రోజు వాన లేదు, వరద లేదు. ఆదోని దగ్గర మంచినీళ్ళ పైపులైను పని. ఎండకు నల్లరేగడి రాయిలా బిగిసి ఉంది. జేసీబీ తవ్విన ట్రెంచి ఏడడుగుల లోతు, గోడలు నిట్టనిలువుగా నిలబడ్డాయి. జాయింటు బిగించడానికి వాడు దిగాడు. పెళ్ళ విడిచింది. "బావా" అని అరిచే టైం కూడా వాడికి దొరకలేదు. బతికాడు గానీ, పక్కటెముకలు విరిగి మూడు నెలలు మంచం మీదున్నాడు. ఆ పనికి మేస్త్రీని నేను. దిగమన్నదీ నేనే. అప్పటి నుంచి నా దగ్గరికి పనికొచ్చే ప్రతి పిల్లోడికీ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నేలను చూడండి. నల్లరేగడి గట్టిగా ఉంది కదా అని నమ్మొద్దు. వేసవిలో విచ్చిన నెర్రె పైకి వేలంతే కనిపిస్తుంది, లోపలికి మాత్రం చాలా లోతు పోయి ఉంటుంది. అంటే మనం తవ్వకముందే గోడ వెనక కోత పడి ఉంది. ముందువైపు మట్టి తీసేస్తే ఆ పెళ్ళను పట్టి ఉంచేది ఏమీ ఉండదు. వాన పడితే అదే మట్టి నీళ్ళు తాగి, ఉబ్బి, జారుతుంది. అనంతపురం వైపు ఎర్రనేలలో గడ్డపార దిగడమే కష్టం, అందుకే అక్కడ మనుషులకు భయం ఉండదు. కానీ అడుగున ఇసుక పొర తగిలితే అది రాలిపోయి, పైమట్టి చూరులా వేలాడుతుంది. అన్నిటికన్నా చెడ్డది ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి. టౌన్‌లో పాత పైపు పక్కనో, డ్రైనేజీ పక్కనో తవ్వేటప్పుడు తగిలేది అదే.

లోతు ఐదడుగులు, అంటే 1.5 మీటర్లు దాటితే గోడను వాలుగా కోయాలి, లేదా పలకలు కట్టాలి. తవ్వకాల భద్రతకు మన దేశంలో ఉన్న ఐఎస్ 3764 ప్రమాణం కూడా ఆ లోతు దాటితే గోడకు ఆపు కావాలంటుంది. నేను మాత్రం నాలుగడుగుల దగ్గరే ఆగి ఆలోచిస్తాను. జాయింటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నవాడి తల ఆ లోతులోనే గోడకన్నా కిందికి పోతుంది.

చోటుంటే వాలు మేలు. ఏడడుగుల లోతుకు పైన రెండు వైపులా ఏడేసి అడుగులు వెనక్కి కోయండి. వదులు మట్టికి అదీ చాలకపోవచ్చు, ఇంజనీరును అడగండి. తవ్వకం పెరుగుతుంది, డీజిల్ ఖర్చవుతుంది, కాంట్రాక్టర్ గొణుగుతాడు. గొణగనీయండి.

వీధిలో చోటు లేకపోతే పలకలు, అడ్డ బద్దెలు, మధ్యలో జాకీలు. ఎంత దగ్గరగా పెట్టాలో ఇంజనీరు చెప్పాలి, మన అంచనా పనికిరాదు. జాకీలు బిగించేటప్పుడు పైనుంచి కిందికి రావాలి. తీసేటప్పుడు కిందినుంచి పైకి, మట్టి పూడ్చుకుంటూ. ఇది తిరగేస్తే ఆపు లేని గోడ కింద మనిషి నిలబడాల్సి వస్తుంది.

తవ్విన మట్టిని అంచుకు కనీసం 1.5 మీటర్ల దూరంలో పోయించండి. ట్రెంచి మూడు మీటర్లు దాటితే, లోతులో సగమంత దూరం. ఒక ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు పైనే తూగుతుంది. ఆ కుప్పను అంచున పెట్టడమంటే గోడ మీద లారీని నిలిపినట్టే. టిప్పర్‌నీ జేసీబీనీ కూడా దూరంగా ఆపించండి.

నిచ్చెన పని జరిగే చోటికి నాలుగు అంగల్లో అందేలా ఉండాలి, గట్టుకు మూడడుగులు పైకి లేవాలి. జేసీబీ బకెట్‌లో మనిషిని దించొద్దు. నీళ్ళు తోడే ఇంజన్‌ను గట్టు మీదే పెట్టండి. లోపల పెడితే ఆ పొగలోని విషవాయువు వాసన తెలియకుండానే మనిషిని పడేస్తుంది.

పొద్దున దిగేముందు ఒకసారి, వాన వెలిశాక ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక ఒకసారి అంచు వెంట నడవండి. గట్టు మీద కొత్త నెర్రె, గోడ ఉబ్బడం, చిన్న చిన్న గడ్డలు రాలడం, అడుగున ఊట. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) పక్కన పనైతే, కాలువకు నీళ్ళొదిలాక ఈ ఊట మరీ చూడాలి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అందరినీ పైకి పిలవండి. మీటరు లెక్కన కూలి కాబట్టి పిల్లోళ్ళు తొందరపడతారు. వాళ్ళను ఆపాల్సింది మేస్త్రీయే.

ఒకవేళ గోడ పడితే, లోపలికి దూకొద్దు. రెండో పెళ్ళ మొదటిదాని వెనకే వస్తుంది. ఆ రోజు నేను దూకబోతే జేసీబీ డ్రైవర్ నా చొక్కా పట్టి లాగాడు. మరునిమిషంలోనే ఇంకో పెళ్ళ పడింది. జేసీబీ ఇంజన్ ఆపించండి, 108కీ 101కీ ఫోన్ చేయండి. పలకలు నిలిపాకే దిగి, చేతులతో, చిన్న పారలతో ముందు ముఖం, తర్వాత రొమ్ము మీది మట్టి తీయండి. తల బయటే ఉన్నా రొమ్ము బిగిస్తే ఊపిరాడదు, మనిషి గాలి వదిలినప్పుడల్లా మట్టి ఇంకా బిగుస్తుంది. బకెట్‌తో గోకొద్దు, చంకల కింద తాడేసి లాగొద్దు. చాలాసేపు కూరుకుపోయినవాడు బాగానే మాట్లాడుతున్నా ఆసుపత్రికి పంపాల్సిందే. మా వాడూ "నాకేం కాలేదు, నీళ్ళివ్వండి" అన్నాడు. ఎముకలు విరిగిన సంగతి ఎక్స్‌రే తీశాకే తెలిసింది.