రోలర్ స్కీలు కొనాలా వద్దా? దాచుకున్న డబ్బు తీసే ముందు

మిన్నెసోటాలో మంచు కరిగిందంటే చాలు, మా క్రాస్ కంట్రీ స్కీయింగ్ గుంపులో ఒకటే చర్చ. "అక్కా, సమ్మర్‌కి రోలర్ స్కీలు తీసుకోనా? స్కీఎర్గ్ బెటరా?" రోలర్ స్కీలంటే మంచు లేనప్పుడు రోడ్డు మీద స్కీ చేయడానికి చక్రాలు బిగించిన పొట్టి స్కీలు. స్కీఎర్గ్ అంటే స్కీయింగ్‌లో చేతికర్రలు (పోల్స్) లాగే కదలికను ఇంట్లోనే చేయించే వ్యాయామ యంత్రం. అడిగేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే. పిల్లల్ని పార్కుకు తీసుకెళ్ళి, వాళ్ళకంటే ముందు తామే ఈ ఆటకు అలవాటు పడ్డవాళ్ళు. నాదీ అదే కథ. ఖమ్మం ఎండల్లో పెరిగి, ముప్పై దాటాక మంచు ముట్టుకున్నదాన్ని. ఇప్పుడు ఏప్రిల్ వస్తే దిగులేస్తుంది. నన్నడిగితే మీలో చాలామందికి ఈ ఏడాది ఏమీ కొనే పని లేదు. నిజంగా కావాల్సినవాళ్ళకు సెకండ్ హ్యాండ్ సరిపోతుంది. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోవడం ఇలా.

ముందు డబ్బు సంగతి. సేవింగ్స్ అంటే ఏ సేవింగ్స్? హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే ఉండేది మహా అయితే 60 రోజుల గడువు. ఆ రెండు నెలలు, ఆ తర్వాత ఇంకో రెండు నెలలు అద్దె, కారు, కిరాణా గడిచే డబ్బు విడిగా ఉండాలి. ఇంటి నుంచి అర్ధరాత్రి ఫోన్ వస్తే ఇండియా టికెట్ కొనే డబ్బు కూడా విడిగా ఉండాలి. ఈ రెండూ తీసేశాక మిగిలిందే మీ సరదా డబ్బు. మిగలకపోతే ఇక్కడే ఆగండి, ఈ సమ్మర్ పరిగెత్తండి.

చాలామంది లెక్కలోకి తీసుకోని ఖర్చు ఇంకొకటి ఉంది. రోలర్ స్కీలు నడిచేది తారు మీద. ఎక్కువ మోడళ్ళకు బ్రేకులుండవు. పడితే మంచులో పడ్డట్టు ఉండదు. మోచేయి చీరుకుపోతుంది, మణికట్టు విరిగినా విరుగుతుంది. మీ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు తీసి డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలుపెట్టే ముందు మీరు భరించాల్సిన మొత్తం) ఎంతో ఒకసారి చూడండి. రెండు వేలో మూడు వేలో ఉంటే, ఒక్క ఎక్స్-రే, ఒక్క కట్టు ఖర్చు ముందు స్కీల ధర ఏ మూలకూ రాదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. డిడక్టిబుల్ డబ్బు పక్కన లేనివాళ్ళు కొత్త స్కీలకు ఐదు వందలు పెట్టడం నాకు నచ్చదు, అంతే. హెల్మెట్, గ్లౌజులు, మోకాలి ప్యాడ్లు ఎలాగూ తప్పవు. సైకిల్ హెల్మెట్ ఉంటే అదే చాలు.

డబ్బు ఉందనుకుందాం. పోయిన చలికాలం మిమ్మల్ని ఏది ఇబ్బంది పెట్టిందో గుర్తు చేసుకోండి. మినియాపాలిస్ థియోడర్ వర్త్ పార్కులో ఎత్తు ఎక్కుతుంటే ఊపిరి అందలేదా? చివరి కిలోమీటర్లలో చేతులు పడిపోయి పోల్స్ ఈడ్చుకొచ్చారా? ఒంటికాలి మీద జారేటప్పుడు బ్యాలెన్స్ తప్పిందా? ఊపిరి సమస్యకు ఏ గేర్ కొనక్కర్లేదు, కొండ చాలు. చేతులు, నడుము సమస్యయితే స్కీఎర్గ్ లాంటిది పనికొస్తుంది. బ్యాలెన్స్, టెక్నిక్ సమస్యయితేనే రోలర్ స్కీలు. ఏదీ గుర్తు రాకపోతే మీకు కావలసింది గేర్ కాదు, ఇంకొంచెం మంచు.

కొనడానికి ముందు ఆరు వారాలు ఈ పని చేయండి. పాత పోల్స్ ఒక జత తీసుకోండి. మీ స్కీ పోల్స్ కన్నా కాస్త పొట్టివి అయితే మేలు, పొడవు మార్చుకునే ట్రెకింగ్ పోల్స్ అయినా పరవాలేదు. నాలుగైదు నిమిషాలు ఎక్కే గడ్డి కొండ ఒకటి చూసుకోండి. నడవండి, కానీ స్కీ చేస్తున్నట్టే నడవండి. కుడి కాలు ముందుకు పడేటప్పుడు ఎడమ చేయి ముందుకు రావాలి. పోల్ మొన మీ పాదం దగ్గరే గుచ్చుకోవాలి. అక్కడి నుంచి చేయి తుంటి దాటి వెనక్కి పోయేదాకా తొయ్యాలి. పైకి చేరాక మెల్లగా దిగి, మళ్ళీ ఎక్కండి. ఇక్కడి కోచ్‌లు జట్టు పిల్లల చేత చేయించేదీ ఇదే. కొన్ని వారాలయ్యాక నడక స్థానంలో చిన్న చిన్న గెంతులు పెట్టుకోవచ్చు. ఆరు వారాలు వారానికి రెండుసార్లు కొండకు వెళ్ళలేనివాళ్ళు రోలర్ స్కీలు కొన్నా గ్యారేజీలోనే ఉంచుతారు. పరీక్ష పూర్తిగా ఉచితం, మొహమాటం లేకుండా నిజం చెప్పేస్తుంది.

స్కేట్ పద్ధతి (కాళ్ళను పక్కలకు తోస్తూ జారడం) నేర్చుకుంటున్నవాళ్ళ ఇళ్ళల్లో పాత రోలర్‌బ్లేడ్లు (ఒకే వరసలో చక్రాలుండే స్కేట్లు) ఉంటే వాటినీ తక్కువ అంచనా వేయకండి. 1980 ప్రాంతంలో మినియాపాలిస్‌లో ఓల్సన్ సోదరులు మొదలుపెట్టిన రోలర్‌బ్లేడ్ కంపెనీ ఉద్దేశమే ఐస్ లేని నెలల్లో హాకీ ఆటగాళ్ళకు ప్రాక్టీస్. మడమ దగ్గర బ్రేకు కూడా ఉంటుంది. కాకపోతే బూటు మడమ పైకి లేవదు కాబట్టి స్కీ అనుభూతి సగమే వస్తుంది.

ఇక రోలర్ స్కీల విషయం. క్లాసిక్ (కాళ్ళు సమాంతరంగా ముందుకు కదిపే పద్ధతి) రకానికి వెడల్పు చక్రాలు ఉంటాయి, ఒక చక్రంలో వెనక్కి తిరగకుండా రాచెట్ ఉంటుంది. స్కేట్ రకం చక్రాలు సన్నగా, ఎత్తుగా ఉంటాయి. రెండూ ఒకేసారి కొనకండి. చలికాలంలో మీరు ఎక్కువ చేసేది ఏదో అదొక్కటే. మార్వే, స్వెనార్, వీటూ లాంటి బ్రాండ్లలో కొత్త జత మూడు, నాలుగు వందల డాలర్లు అవుతుంది, ఇంకా పైకీ పోతుంది. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్స్ చాలాసార్లు విడిగా కొనాలి, దాదాపు ఎనభై అనుకోండి. పోల్స్ చివర తారును పట్టుకునే గట్టి లోహపు మొనలు వేయించుకోవాలి, అదో పాతిక, ముప్పై. మంచులో వాడే మొనలతోనే రోడ్డెక్కితే అవి అరిగిపోతాయి, పైగా జారతాయి. చక్రాల్లో వేగం తేడాలుంటాయి. ఫాస్ట్ చక్రాలు సుఖంగా ఉంటాయి కానీ బద్ధకం నేర్పుతాయి, వేగమూ ఎక్కువ. మొదటిసారైతే మధ్యరకం లేదా స్లో చక్రాలు అడగండి.

అన్నీ కలిపి ఐదు వందలు అనుకుందాం. జూన్ నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా వారానికి రెండుసార్లు వెళ్తే 35 సార్లు అవుతుంది, ఒక్కోసారికి సుమారు 14 డాలర్లు. తర్వాత సగం ధరకు అమ్మగలిగితే 7కి వస్తుంది. రెండు వారాలకు ఒకసారే వెళ్తే మాత్రం ఒక్కోసారికి దాదాపు 60 అవుతుంది. ఆ డబ్బుతో చలికాలంలో ఒక మంచి పాఠం చెప్పించుకోవచ్చు, దాని వల్ల వచ్చే మెరుగే ఎక్కువ. ఈ లెక్క వేసేటప్పుడు మీ ఆశను కాదు, మీ క్యాలెండర్‌ను నమ్మండి. జులైలో ఇండియా ప్రయాణం ఉంటే ఆ నెల మొత్తం కొట్టేయాల్సిందే.

స్కీఎర్గ్ సంగతి క్లుప్తంగా. కాన్సెప్ట్2 వాళ్ళది, వెయ్యి డాలర్ల చుట్టూ ఉంటుంది, గోడకు బిగించుకోకపోతే స్టాండ్ ధర అదనం. చేతులతో కిందికి లాగే పోలింగ్ తప్ప మరేమీ నేర్పదు, బ్యాలెన్స్ అసలే రాదు. కానీ పడే భయం లేదు. పిల్లలు పడుకున్నాక బేస్‌మెంట్‌లో చేసుకోవచ్చు. అమ్మితే మంచి ధర వస్తుంది. నిలబెడితే ఏడడుగుల ఎత్తు వస్తుంది కాబట్టి ముందు టేప్ తీసి సీలింగ్ కొలవండి. మీ జిమ్‌లో ఒకటి మూలన పడి ఉందేమో కూడా చూడండి, ఎవరూ ముట్టుకోరు.

ఎప్పుడు కొనాలన్నదీ ముఖ్యమే. ఏప్రిల్‌లో దారుల మీద చలికాలం చల్లిన ఇసుక ఉంటుంది, ఊడ్చేదాకా దిగకూడదు. అక్టోబర్‌లో తడి ఆకులు సబ్బులా జారతాయి. అందుకే మేలో కొంటే ఉపయోగం, సెప్టెంబర్ దాటాక కొంటే ఆ ఏడాదికి దండగ. ఒక్క మినహాయింపు ఉంది. 2023-24 చలికాలం ఇక్కడ మంచే సరిగ్గా పడలేదు. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో 1973 నుంచి నడుస్తున్న అమెరికన్ బర్కీ స్కీ రేసు, మామూలుగా 50 కిలోమీటర్లు పోయేది, 2024లో కృత్రిమ మంచు పరిచిన 10 కిలోమీటర్ల లూప్ మీద జరిగింది. అలాంటి ఏడాది రోలర్ స్కీలు డిసెంబర్‌లో కూడా పని చేస్తాయి, రోడ్డు పొడిగా ఉంటే. బర్కీ మీద కన్నేసినవాళ్ళకు ఇది గట్టి కారణం. ఆదివారం సరదాకు తిరిగేవాళ్ళకు కాదు.

పిల్లల కోసమైతే హైస్కూల్ నార్డిక్ (క్రాస్ కంట్రీ) స్కీ జట్టు కోచ్‌ని అడగండి. కొన్ని జట్ల దగ్గర వాడకానికి ఇచ్చే జతలుంటాయి. కొత్త జత కొనమని "స్కీయర్ జెస్సీ డిగ్గిన్స్ మన మిన్నెసోటా అఫ్టన్ అమ్మాయే మమ్మీ" అంటూ మా వాడు ఆమె ఒలింపిక్ పతకాల జాబితా చదివినా మా ఆయన చలించలేదు, అదే మంచిదైంది. మరుసటి ఏడాదికి వాడి బూట్ల సైజే మారిపోయింది.

సెకండ్ హ్యాండ్ చూడ్డానికి వెళ్ళేటప్పుడు మీ స్కీ బూట్లు పట్టుకెళ్ళండి. స్కీని తలకిందులు చేసి ఒక్కో చక్రం తిప్పండి, గరగర శబ్దం వస్తే బేరింగ్ పోయినట్టే. చక్రాన్ని పక్కలకు ఊపండి, కదలకూడదు. క్లాసిక్ అయితే రాచెట్ చక్రాన్ని వెనక్కి తిప్పండి, వెంటనే బిగుసుకోవాలి, జారుతూ తిరిగితే వద్దు. స్కేట్ చక్రాలు ఒకవైపే అరిగి ఉంటే కొత్త చక్రాల ధర అడిగిన ధరలోంచి తగ్గించమనండి. చక్రం బిగించే ఫోర్క్ దగ్గర సన్నని పగులు ఉందేమో గోరుతో రాసి చూడండి. పగులుంటే బేరమే వద్దు. చివరగా బూటు తొడిగి బైండింగ్‌లో నొక్కండి. బూట్లు, బైండింగ్‌లలో ఒకదానికొకటి సరిపోని రకాలున్నాయి. మీది ఎన్ఎన్ఎన్ రకం బూటై, వాళ్ళది పాత ఎస్ఎన్ఎస్ రకం బైండింగ్ అయితే ఎంత నొక్కినా పడదు. అప్పుడు బైండింగ్ మార్పిడి ఖర్చు కలిపి మళ్ళీ లెక్క వేయండి. కొత్తదానితో తేడా వంద డాలర్ల లోపే ఉంటే కొత్తదే తీసుకోండి.