వైద్య చరిత్ర సదస్సుకు పేపరు పంపాలనుకునే వరంగల్ పిల్లలకు

వైద్య చరిత్ర సంఘం వార్షిక సదస్సుకు పేపర్లు, అంటే పరిశోధన పత్రాలు, పిలిచారని తెలియగానే ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. మెడికల్ కాలేజీ పీజీలు కొందరు, యూనివర్సిటీలో చరిత్ర చదివేవాళ్లు కొందరు. మెడికల్ కాలేజీలో ఎస్పీఎం (సామాజిక, నివారణ వైద్యం) పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, హనుమకొండలోనే ఉంటాను, అడిగితే కాదనను. "మేడం, టాపిక్ ఏం తీసుకోవాలె?" అంటారు. టాపిక్ సంగతి తర్వాత, ముందు మీ చేతికందే కాగితాల కట్ట ఏదో చెప్పమంటాను. ఒక ఆసుపత్రి రిజిస్టరు, ఒక ఫైలు, ఒక శాసనం, నలుగురు ముసలివాళ్ల మాటలు, ఏదైనా సరే. దాన్ని ఏం అడగొచ్చో తేలితే టాపిక్ దానంతటదే వస్తుంది.

"కాకతీయుల కాలంలో వైద్యం" అని పేరు పెట్టి పంపకండి. అది పుస్తకానికే ఎక్కువ, ఇరవై నిమిషాల్లో ఎక్కడ చెబుతారు? మనవాళ్లు తప్పకుండా ఎత్తేది మల్కాపురం శాసనం. 1261 నాటిది, రుద్రమదేవి కాలం. మఠానికిచ్చిన ఆదాయంలోంచి ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి వాటా పెట్టారని అందులో ఉంది. అయితే ఆ శాసనం ఓరుగల్లు కోటలోది కాదు, గుంటూరు వైపు మందడం దగ్గరిది. వరంగల్ అభిమానం కొద్దీ దాన్ని కోటలోకి తెచ్చిపెడితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ఇంకో సంగతి, శాసనం ఏర్పాటు గురించి చెబుతుంది కానీ జరిగినదాని గురించి చెప్పదు. కాన్పుకు ఎవరొచ్చారు, ఎవరిని రానిచ్చారు అనేది అందులో లేదు. "ఆ రోజుల్లోనే మనకు ప్రసూతి ఆసుపత్రులు ఉండేవి" అని చెయ్యి ఊపడం సులభం. అన్నం పెట్టే సత్రమూ కాన్పు చేసే శాలా ఒకే పద్దు కింద ఎందుకున్నాయని అడగండి, పేపరు అక్కడ మొదలవుతుంది.

నన్నడిగితే కొత్తవాళ్లకు ఇరవయ్యో శతాబ్దమే మేలు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లినే తీసుకోండి. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త, మిషనరీ జార్జ్ కెర్ 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టారు. కుష్ఠుకు డాప్సోన్ అనే మందు రాకముందు వైద్యమంటే హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నూనె ఇంజెక్షన్లే. ఆసుపత్రి కథ అనగానే కెర్ దంపతుల త్యాగం రాయాలనిపిస్తుంది, వాళ్లు అందుకు తగినవాళ్లే. కానీ మిషన్ రిపోర్టులు చందాలిచ్చేవాళ్ల కోసం రాసినవి. అందులో నయమైనవాళ్లు కనిపించినంతగా పారిపోయినవాళ్లు కనిపించరు. చదువుతున్నంతసేపూ ఇది ఎవరికి రాశారు, ఏం అడగడానికి రాశారు అని పక్కన రాసుకోండి. తిండి ఎవరు వండారు, పొలం పని ఎవరు చేశారు, ఇంటికి వెళ్లినవాళ్లను ఊరు రానిచ్చిందా? ఇలాంటివాటిలో ఒక్కటి చాలు.

నిజాం కాలం సర్కారు కాగితాలకు పట్నం, అంటే హైదరాబాదు, పోవాల్సిందే. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, గుర్తింపు కార్డు, పెన్సిలు, ఓపిక పట్టుకెళ్లండి. చాలా ఫైళ్లు ఉర్దూలో ఉంటాయి. మీకు రాకపోతే చదివిపెట్టే మనిషిని ముందే మాట్లాడుకోండి, పేపరులో ఆయనకు కృతజ్ఞత చెప్పండి. ఫైళ్ల మీద ఫస్లీ, అంటే అప్పటి సర్కారు లెక్కల సంవత్సరం ఉంటుంది, పిల్లలు తడబడేది అక్కడే. హైదరాబాద్ రాజ్యంలో ఆ ఏడాది ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదట్లో మొదలయ్యేది. దాన్ని మన ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చాలంటే డిసెంబరు దాకా 590 కలపాలి, జనవరి నుంచి 591. ఉదాహరణకు, 1918 ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో ఎక్కువమందిని చంపింది సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో. కాబట్టి 1327 ఫస్లీ చివర, 1328 మొదట్లో, రెండు చోట్లా వెతకాలి. ఒక్క ఏడాదే అడిగితే సగం చావులు మీకు కనపడవు. ఆయుర్వేదం, యునానీ వైపు పనైతే డి.వి.సుబ్బారెడ్డి గారు వేసిన పునాది మీద నడుస్తున్న వైద్య వారసత్వ సంస్థ కూడా హైదరాబాదులోనే ఉంది, దాని లైబ్రరీ చూడకుండా రాకండి.

కాగితాలు దొరక్కపోతే మనుషులున్నారు. మన దేశంలో మశూచి పోయిందని ప్రకటించింది 1977లో. ఊళ్లు తిరిగి టీకాలు వేసినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు, ఈ పనిని వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి. "మీ ఊరోళ్లు టీకా వద్దన్నరా?" అని అడిగితే "లేదు బిడ్డా, అందరు ఏసుకున్నరు" అంటారు. అలా కాకుండా సూది దేంట్లో పెట్టుకొని తిరిగారు, ఊళ్లో ముందు ఎవరింటికి పోయారు, ఇంట్లో పిల్లకు తల్లి పోసి, అంటే మశూచి వచ్చి ఉంటే గడప దాటారా, వేపమండలు కట్టిన ఇంటి ముందు ఏమన్నారు అని అడగండి. పోచమ్మ మాట వాళ్లే తెస్తారు. మీరు ముందే ఎత్తితే మీకు నచ్చే కథ చెబుతారు. సంతకంతో గానీ రికార్డులో గానీ అనుమతి తీసుకోవడం మరవద్దు.

ఇక అబ్‌స్ట్రాక్ట్, అంటే ముందుగా పంపే పేపరు సారాంశం. 1925లో పుట్టిన అమెరికా వైద్య చరిత్ర సంఘమైనా, మన దేశంలో చిన్న సంఘమైనా కోరేది ఇదే: ప్రశ్న వేసి వదిలేయకుండా తేలిందేమిటో రాయాలి. "ఈ పత్రంలో పరిశీలించబడుతుంది" అనే వాక్యం కనిపిస్తే కొట్టేయండి, పరిశీలించి ఏం చూశారో చెప్పండి. ఇంతవరకు అందరూ ఏమనుకుంటున్నారు, మీరు ఏ కాగితం చూశారు, అది ఏం చెబుతోంది, దాంతో ఏ మాట మార్చుకోవాలి, ఈ నాలుగూ ఉంటే చాలు. పదాల పరిమితి దాటితే ఎంత మంచిదైనా తిప్పి పంపుతారు.

"మొట్టమొదటి" అనే మాట దగ్గర నాకు భయం. మలేరియా మీద పనిచేసిన డాక్టరు రోనాల్డ్ రాస్‌నే చూడండి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, ఇప్పటి బేగంపేట దగ్గర, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు, నిజమే. కానీ క్రిమి జీవితచక్రం మొత్తాన్ని ఆయన చూపించింది ఆ తర్వాతి ఏడు కలకత్తాలో, అదీ పక్షుల మలేరియాలో. మనుషుల మలేరియా సంగతి తేల్చింది ఇటలీలో గ్రాసీ అనే శాస్త్రవేత్త బృందం. "మలేరియా రహస్యం అంతా మన బేగంపేటలోనే తేలింది" అంటే వెనక వరుసలోంచి ఎవరో లేస్తారు. దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్ గురించి మాట్లాడితే మాత్రం హాలంతా వింటుంది.

చదివేటప్పుడు గడియారం ముందు పెట్టుకొని ఇంట్లో పైకి చదవండి. ఇరవై నిమిషాలిస్తే పదిహేడుకు ముగించండి. స్లైడు మీద పేరాలు ఎక్కించి అవే చదివితే చెయిర్‌పర్సన్‌కు కూడా ఆవలింత వస్తుంది. రోగుల పేర్లు, ముఖాలు పెట్టొద్దు. కుష్ఠు, క్షయ, పిచ్చి అని రాసిన రిజిస్టర్లలో ఉన్నవాళ్ల మనవలు ఇప్పటికీ అదే ఊళ్లో ఉంటారు, సంబంధాలు చూసుకుంటూ ఉంటారు. ఊరి పేరు కూడా అవసరమైతేనే చెప్పండి.

ప్రయాణం పెద్ద విషయం కాదు. కాజీపేటలో రైలెక్కితే ఎటైనా పోవచ్చు. టికెట్ మాత్రం పేపరు ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చిన రోజే చేయించుకోండి. పెన్‌డ్రైవులో ఒకటి, మెయిల్లో ఒకటి కాపీ ఉంచుకోండి, తెలుగు ఫాంటు అక్కడి కంప్యూటర్లో విరిగిపోతుంది కనుక పీడీఎఫ్ చేసుకోండి.

ప్రశ్నల సమయంలో తప్పకుండా ఒక పెద్ద డాక్టరుగారు లేచి, ప్రశ్న అడక్కుండా తన సర్వీసు కథ చెబుతారు. విసుక్కోకండి. ఆయన ఎక్కడ, ఏ ఏట పనిచేశారో రాసుకొని భోజనాల దగ్గర పట్టుకోండి. ఇంట్లో పాత డైరీలు, ఫొటోలు ఉన్నాయేమో అడగండి, ఫోన్ నంబరు తీసుకోండి. వచ్చే ఏడాది పేపరుకు కట్ట అలాగే దొరుకుతుంది.