టిక్ డేటాతో లెక్కించిన వొలటాలిటీ ఎందుకు తేడా కొడుతోంది?

టిక్ డేటా అంటే జరిగిన ప్రతి ట్రేడు ధరల రికార్డు. వొలటాలిటీ అంటే ధర ఎంతగా ఊగుతుందో చెప్పే కొలత. ఒక్కో విరామంలో ధర మారిన శాతాన్ని (రిటర్న్) వర్గం చేసి, అన్నీ కూడి, వర్గమూలం తీస్తే అది వస్తుంది.

సమస్య: ఒకే షేరు, ఒకే రోజు. 5 నిమిషాల రిటర్నులతో లెక్కిస్తే ఒక అంకె వస్తుంది, సెకను డేటాతో ఇంకా పెద్దది, ప్రతి ట్రేడూ తీసుకుంటే నమ్మలేనంత పెద్దది.

కారణం: ట్రేడ్లు ఒకసారి బిడ్ (కొనేవాళ్లు ఇస్తామన్న ధర) దగ్గర, ఇంకోసారి ఆస్క్ (అమ్మేవాళ్లు అడిగే ధర) దగ్గర జరుగుతాయి. షేరు అసలు విలువ కదలకపోయినా ధర అటూ ఇటూ ఊగుతుంది. రూ.1000 షేరుకు స్ప్రెడ్ (ఆ రెండు ధరల తేడా) 10 పైసలు అనుకోండి. ఒక్కో ఊగు 0.01 శాతమే. కానీ రోజులో 10,000 సార్లు ఊగితే, ఆ వర్గాలన్నీ కూడి వర్గమూలం తీస్తే 1 శాతం! ఏడాదికి మార్చితే (ట్రేడింగ్ రోజులు దాదాపు 250, దాని వర్గమూలంతో గుణిస్తే) దాదాపు 16 శాతం. ఇదంతా ఉత్త శబ్దం. డేటా ఎక్కువైతే లెక్క మెరుగవుతుందన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు.

ఏం చేయాలి: ముందు విరామాన్ని 1 సెకను నుంచి 30 నిమిషాల దాకా పెంచుతూ, నెల రోజుల సగటు వొలటాలిటీని గ్రాఫ్ గీయండి. గీత ఎక్కడ చదునవుతుందో అక్కడి విరామం వాడండి. బాగా ట్రేడయ్యే షేర్లకు 5 నిమిషాలు మంచి ఆరంభం. ఎన్‌ఎస్‌ఈలో 9:15 నుంచి 3:30 దాకా అలాంటివి 75 వస్తాయి. 9:15, 9:16... 9:19 నుంచి మొదలుపెట్టి ఐదు లెక్కలు చేసి సగటు తీస్తే, పారేసిన డేటా కూడా పనికొస్తుంది. ఆ సగటులోంచి, టిక్కులన్నిటితో అంచనా వేసిన శబ్దాన్ని తీసేసే పద్ధతిని 2005లో జాంగ్, మిక్‌లాండ్, ఐత్-సహాలియా ఇచ్చారు. కోట్ డేటా (బిడ్, ఆస్క్ ధరల రికార్డు) ఉంటే బిడ్-ఆస్క్ మధ్య ధర వాడినా ఊగు చాలావరకు తగ్గుతుంది.

సమస్య: ఒక్క రోజు అంకె ఆకాశాన్నంటింది.

తప్పుడు టిక్ అయితే ధర వెంటనే పాత చోటికి వస్తుంది, దాన్ని తీసేయండి. రాకపోతే అది నిజమైన కుదుపు. 2024 జూన్ 4న, లోక్‌సభ ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. అలాంటి రోజును దయచేసి డేటాలోంచి కొట్టేయకండి. కుదుపును విడదీయాలంటే, పక్కపక్క రిటర్నుల పరిమాణాలను గుణించి కూడి, π/2తో హెచ్చించండి. రిటర్న్ వర్గాల మామూలు మొత్తంతో దీనికున్న తేడాయే కుదుపు వాటా.

సమస్య: రోజువారీ ముగింపు ధరలతో వచ్చే వొలటాలిటీ కన్నా టిక్కులతో మీరు లెక్కించింది ఎప్పుడూ తక్కువే.

రాత్రి గ్యాప్, అంటే నిన్నటి ముగింపుకూ నేటి ఓపెన్‌కూ మధ్య ధర మార్పు, వదిలేశారు. ఎగ్జిట్ పోల్స్ తర్వాత, 2024 జూన్ 3న, నిఫ్టీ 3 శాతానికి పైగా గ్యాప్‌తో తెరుచుకుంది. 9:15 తర్వాతి టిక్కుల్లో అది కనబడదు. నిన్నటి ముగింపు నుంచి నేటి ఓపెన్ దాకా రిటర్న్ వర్గాన్ని ఆ రోజు మొత్తానికి కలిపి, ఆ తర్వాతే వర్గమూలం తీయండి. ఆప్షన్ రాత్రంతా చేతిలో ఉంచుకునేవాళ్లకు ఇది తప్పనిసరి.